‘సందిగ్ధ’, ‘మితకారి’: అణు రియాక్టర్ పరిభాషలో అర్థవిచారం

1. ప్రవేశిక

శాస్త్ర పరిభాషను విమర్శకులు సాధారణంగా రెండు ప్రమాణాలతో పరిశీలిస్తారు. పదం తెలుగులో ఇమిడిందా అన్నది మొదటిది. మూలపదానికి సమానార్థకమా అన్నది రెండవది. ఆ పదం తాను సూచించే వస్తువు పనితీరును సరిగా స్ఫురింపజేస్తుందా అనే మూడవ ప్రశ్న కూడా అవసరమే. రియాక్టర్ కోర్ రూపకల్పనలో కీలకమైన ‘సందిగ్ధ’, ‘మితకారి’ అనే పదాలను ఈ మూడవ ప్రమాణంతో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. సందిగ్ధ

‘క్రిటికల్’ అనే ఆంగ్లపదానికి మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు ‘సందిగ్ధ’ను స్థిరపరిచాయి. సందిగ్ధ కోణం, సందిగ్ధ ఉష్ణోగ్రత, సందిగ్ధ ద్రవ్యరాశి అన్నవి ఇలా ఏర్పడినవే. ఈ ఎంపిక తర్కరహితం కాదు. రెండు స్థితుల నడిమి సరిహద్దును సూచించడానికి ‘ఎటూ తేలనిది’ అనే అర్థం కొంతవరకు సరిపోతుంది.

రియాక్టర్ దగ్గర మాత్రం ఈ పదం తడబడుతుంది. ఒక తరం న్యూట్రాన్ల సంఖ్యకూ, వాటివల్ల జరిగిన విచ్ఛిత్తుల నుంచి పుట్టిన తరువాతి తరం సంఖ్యకూ మధ్య నిష్పత్తిని భౌతికశాస్త్రం లెక్కిస్తుంది. అది 1 కంటే తక్కువైతే శృంఖల చర్య ఆరిపోతుంది, ఎక్కువైతే పెరుగుతుంది, సరిగ్గా 1 అయితే నిలకడగా సాగుతుంది. ‘క్రిటికల్’ అనేది ఈ నిలకడకే పేరు. గుజరాత్‌లోని కాక్రపార్ మూడవ యూనిట్ 2020 జూలై 22న తొలిసారి ఈ స్థితికి చేరింది. రియాక్టర్ స్థిరమైన విద్యుత్తును ఇచ్చేది ఈ స్థితిలోనే. అలంకారశాస్త్రం దోషంగా లెక్కించిన ‘సందిగ్ధం’ ఇక్కడ పరిపూర్ణ సమతుల్యతకు పేరైంది.

అసలు ప్రమాదపు గీత వేరేచోట ఉంది. యురేనియం-235 విచ్ఛిత్తిలో పుట్టే న్యూట్రాన్లలో సుమారు 0.65 శాతం ఆలస్యంగా వెలువడుతాయి. నియంత్రణ కడ్డీలకు వ్యవధి ఇచ్చేది ఈ స్వల్పభాగమే. వీటి అవసరం లేకుండానే చర్య కొనసాగే స్థితి ఏర్పడితే శక్తి క్షణాల్లో విజృంభిస్తుంది. నిలకడనే ‘సందిగ్ధం’ అన్న పాఠకునికి ఈ రెండవ గీతను చూపడానికి మన దగ్గర మాట మిగలలేదు.

3. మితకారి

‘మోడరేటర్’కు మన పదం ‘మితకారి’. మితం చేసేది అనగానే చర్యను అదుపు చేసేది అని అర్థమవుతుంది. వాస్తవం దాదాపు ఇందుకు విరుద్ధం. మితకారి తగ్గించేది న్యూట్రాన్ల వేగాన్ని. వేగం తగ్గిన న్యూట్రాన్లే యురేనియం-235ను సులువుగా విచ్ఛిత్తి చేస్తాయి కనుక చర్య కొనసాగడానికి అది తోడ్పడుతుంది. అదుపు చేసే పని నియంత్రణ కడ్డీలది.

ఈ భేదం తెలియకపోతే చెర్నోబిల్ అర్థం కాదు. అక్కడ మితకారి గ్రాఫైట్. నీరు వేడిని తీసుకుపోతూ కొన్ని న్యూట్రాన్లను పీల్చుకునేది. నీరు ఆవిరైతే పీల్చుకోవడం తగ్గేది, గ్రాఫైట్ మాత్రం యథాతథంగా ఉండేది. అందువల్ల చర్య పెరిగేది. పైగా నియంత్రణ కడ్డీల దిగువన గ్రాఫైట్ భాగాలుండేవి. 1986 ఏప్రిల్ 26న కడ్డీలను దించినప్పుడు అవి కోర్ అడుగుభాగంలో నీటిని తొలగించి చర్యను మరింత పెంచాయి. సాధారణ నీటినే మితకారిగా, శీతలకారిగా వాడే రియాక్టర్లలో నీరు పోతే శృంఖల చర్య తగ్గుతుంది. అయినా ఇంధనంలో మిగిలిన రేడియోధార్మికత వేడి పుట్టిస్తూనే ఉంటుంది.

4. ముగింపు

హిందీ పరిభాష ఈ రెండింటికీ ‘క్రాంతిక’, ‘మందక’ అనే పదాలను ఎంచుకుంది. మొదటిది దాటడాన్ని, రెండవది మందగింపజేయడాన్ని చెబుతాయి. మన పదాలు ఆంగ్లపదపు నిఘంటువు అర్థాన్ని అనువదించాయి కాని, దాని వెనుక ఉన్న ప్రక్రియను అనువదించలేదు. ‘క్రిటికల్’ అనే మాటలో ఆంగ్లంలోనే ఉన్న ‘విపత్కర’ ఛాయను తెలుగు మరో అస్పష్టతగా మార్చుకుంది.

ఇది కేవలం పండిత చర్చ కాదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఉంది. దానిని సమర్థించేవారైనా వ్యతిరేకించేవారైనా తెలుగులోనే వాదించాలి. రియాక్టర్ సందర్భంలో ‘సమస్థితి’, ‘మందకం’ అనే పదాలను పరిశీలనకు ప్రతిపాదిస్తున్నాను. కోణానికి, ఉష్ణోగ్రతకు ‘సందిగ్ధ’ ఉండవచ్చు. ఒకే ఆంగ్లపదానికి అన్ని చోట్లా ఒకే తెలుగుపదం ఉండాలన్న నియమమే ఇక్కడ పునఃపరిశీలించదగినది. భయమైనా భరోసా అయినా తప్పు మాట మీద నిలబడకూడదు.