పితూరీకి ముందు పితూరీ

కంప్యూటరు మీద ఆడే చారిత్రక వ్యూహక్రీడలను గూర్చి సాహిత్య విమర్శ పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. డిటెక్టివు నవలల గురించీ, సినిమాల గురించీ ఒకప్పుడు ఇదే ప్రశ్న వచ్చింది. మన విద్యార్థి పాఠ్యపుస్తకంలోని చరిత్రతో గడిపే కాలం కంటె ఈ ఆటలలోని చరిత్రతో గడిపే కాలం ఎక్కువ. గతాన్ని ఎటువైపునుంచి చూడాలో చెప్పే రచన ఏదైనా విమర్శకు వస్తువే. కనుక క్షమాపణలు లేకుండానే విషయంలోకి వస్తాను.

ఈ వ్యాసానికి నన్ను పురికొల్పినది ఒక డిగ్రీ విద్యార్థి మాట. భద్రాచలానికి అవతల, శబరి వొడ్డున వున్న గూడెం అతనిది, కోయ కుటుంబం. ఖమ్మంలో హాస్టలులో వుండి చదువుకుంటున్నాడు. ‘యూరోపా యూనివర్సాలిస్’ అనే ఆటలో విజయనగరం పక్షాన మొదలుపెట్టి, నెలరోజుల రాత్రులు ఖర్చుపెట్టి ఢిల్లీ దాకా జయించాడు. ఒకనాడు దిగాలుగా నా దగ్గరకు వచ్చి, “సార్, అంతా బాగానే వుంది. వున్నట్టుండి పది పన్నెండు చోట్ల తిరుగుబాట్లు లేచినయి. తెల్లారేసరికి రాజ్యమంతా ముక్కలైపోయింది. ఇదేం న్యాయం సార్?” అన్నాడు. ఈ ఆటలు ఆడేవారిలో చాలామంది ఫిర్యాదు ఇదే. వున్నట్టుండి అన్న ఆ ఒక్క మాటను పట్టుకుని ఈ నాలుగు పేజీలూ రాస్తున్నాను.

ఆట చూపించమన్నాను. చూపించాడు. స్వీడన్‌లోని ఒక సంస్థ 2013లో విడుదల చేసిన నాలుగవ భాగమది. 1444 నవంబరు 11న కథ మొదలవుతుంది. ప్రపంచపటం రాష్ట్రాలుగా చీలివుంటుంది. ప్రతి రాష్ట్రానికీ ‘అసంతృప్తి’ అనే ఒక అంకె వుంటుంది. కొత్తగా జయించిన నేల అయితే ఇంత, పాలకుడి మతం వేరయితే ఇంత, యుద్ధాలతో దేశం అలసివుంటే ఇంత, జీర్ణించుకోగలిగిన దానికంటె ఎక్కువ మింగితే ఇంత అని కూడికలు వేసి ఆ అంకెను తేలుస్తారు. అది సున్నా దాటితే నెలనెలా పాచిక పడుతుంది. పాచిక పడినప్పుడల్లా తిరుగుబాటు పదేసి వంతుల చొప్పున ముందుకు జరుగుతుంది. నూరు నిండిననాడు సైన్యం నేలలోంచి లేచి నిలబడుతుంది.

చిత్రమేమంటే, ఇదంతా ఆటగాడి కళ్ళముందే వుంటుంది. ఒక మీట నొక్కితే పట్టిక తెరుచుకుంటుంది. ఎక్కడ ఇరవై నిండిందో, ఎక్కడ డెబ్బై నిండిందో రాసివుంటుంది. “మరి ఇది చూడలేదా?” అని అడిగితే, “అప్పుడు పర్షియావాళ్ళతో యుద్ధంలో వున్నాను సార్” అన్నాడు. అంటే తిరుగుబాటు వున్నట్టుండి రాలేదు. నెలల తరబడి లెక్కకట్టి వచ్చింది. సింహాసనం మీద కూచున్నవాడికి ఆ నెలలు కనిపించలేదు, అంతే.

ఈ ఆటలను ఒక విషయంలో మెచ్చుకోక తప్పదు. మహమ్మద్ బిన్ తుగ్లక్ సామ్రాజ్యం ఎందుకు కూలిందని అడిగితే మన బడిపిల్లలు చెప్పే జవాబు ఇప్పటికీ ‘పిచ్చి తుగ్లక్’ అనే. రాజు మనసు చెదిరింది, రాజధాని మార్చాడు, రాగినాణేలు కొట్టించాడు, రాజ్యం పోయింది! దీనితో పోలిస్తే ఆటలోని కూడిక చాలా నయం. సామ్రాజ్యపు వైశాల్యమే దానికి బరువవుతుందనీ, దూరపు నేలను పట్టివుంచడానికి చెల్లించవలసిన మూల్యం ఒకటి వుంటుందనీ, రాజు ఎంత తెలివైనవాడయినా ఆ లెక్కనుంచి తప్పుకోలేడనీ అది నేర్పుతుంది. చరిత్రకు కారణాలు రాజుగారి బుర్రలో కాక వ్యవస్థలో వుంటాయని ఒక వ్యాపార సంస్థ అమ్మే ఆట చెప్పగలగడం చిన్న విషయమేమీ కాదు.

ఇక ఆ తుగ్లక్ సామ్రాజ్యం పతనాన్నే తీసుకుందాం. అందులో మన ప్రాంతానికి భాగమున్నది. 1323లో ఓరుగల్లు పడిపోయింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుండగా దారిలో, నర్మద వొడ్డున మరణించాడు. పట్నం పేరు సుల్తాన్‌పూర్ అయింది. పన్నెండు పదమూడేళ్ళు గడిచాయి. 1335లో మధుర, 1336 ప్రాంతంలో ఓరుగల్లు, 1338లో వంగదేశం, 1347లో దౌలతాబాదు, ఒకటి తర్వాత ఒకటిగా ఢిల్లీ చేజారాయి. పటం మీద చూస్తే పన్నెండేళ్ళలో దక్షిణాపథమంతా రంగు మారింది. ఆటలో ఇది గంటసేపటి పని. మన విద్యార్థి దాన్నీ ‘వున్నట్టుండి’ అనే అనేవాడు.

ఓరుగల్లును విడిపించిన నాయకుల స్థావరం రేకపల్లి. శబరి గోదావరిలో కలిసేచోటికి చేరువలో, మాల్యవంతమనే కొండ దాపున, అడవి మధ్య వున్న వూరు. ముసునూరి ప్రోలయనాయకుడు అక్కడినుంచి ఏలాడని విలస తామ్రశాసనం చెబుతున్నది. తరువాత కాపయనాయకుడు ఓరుగల్లును మలిక్ మక్బూల్ చేతినుంచి తీసుకున్నాడు. అతని వెనక డెబ్బైఅయిదుగురు నాయకులున్నారని 1423 నాటి కలువచేరు శాసనం. కొండదాపున ఇన్నేళ్ళపాటు కూడిన బలమిది. ఇందులో వున్నట్టుండి జరిగినదేమున్నది?

అయితే దీన్ని ప్రజల తిరుగుబాటని తొందరపడి పేరు పెట్టడానికి లేదు. మనలో కొందరు అలా పెట్టారు. మరికొందరు దీన్ని రెండు మతాల పోరుగా రాసి సంతోషించారు. రెండవ వాదాన్ని తోసెయ్యడం సులభం. మలిక్ మక్బూల్ తెలుగువాడే; కాకతీయుల కొలువులో వుండి, ఢిల్లీకి పోయి, మతం మారి, పాలకుడై తిరిగివచ్చినవాడు. మధురలో స్వతంత్రుడైన జలాలుద్దీన్ సుల్తాను పంపిన అధికారే. సామ్రాజ్యాన్ని కూల్చినవారిలో దాని సొంత సర్దారులే ఎక్కువమంది.

మొదటి వాదానికి విలస శాసనమే సమాధానం చెబుతుంది. సంస్కృతంలో సాగే ఆ రచనను కవిత్వంగా కాక, ఎవరి గొంతో కనిపెడుతూ చదవాలి. అగ్రహారాలు పోయాయి, యజ్ఞాలు ఆగాయి, దేవాలయాలు పాడయ్యాయి అని దుఃఖం పారుతుంది. సేద్యగాళ్ళ పంట లాక్కున్నారు, సంసారాలు నాశనమయ్యాయి అనీ వున్నది. ఆ మాట విలువైనది. కాని ప్రోలయనాయకుడు గెలిచాక ఏం జరిగింది? అగ్రహారాలు తిరిగి వచ్చాయి. ఆ శాసనమే ఒక బ్రాహ్మణుడికి గ్రామం దానమిచ్చిన పత్రం. రేకపల్లి చుట్టూ వున్న అడవిలో ఎవరుండేవారు, ఆ నాయకులకు తిండీ దారీ ఎవరిచ్చారు అన్నదానికి అందులో జాగా లేదు. దొరలు పోయి దొరలు వచ్చారు. ‘క్రూసేడర్ కింగ్స్’ అనే మరో ఆటలో సామంతులు కూటమి కడతారు. కూటమి బలం రాజు బలానికి దరిదాపుల్లోకి రాగానే ‘మా స్వాతంత్ర్యం మాకిస్తావా, యుద్ధమా’ అని కబురు పంపుతారు. ముసునూరివారి కథకు ఆ ఆట సరిగ్గా సరిపోతుంది. నాయకుల తిరుగుబాటును ఈ ఆటలు బాగా అర్థం చేసుకున్నాయి, ఎందుకంటే తిరగబడేవాడూ పాలకుడి వర్గంవాడే.

ఆటల లెక్క తప్పేది రేకపల్లిలో లేచిన రెండవ తిరుగుబాటు దగ్గర. అది 1879లో జరిగింది.

భద్రాచలం, రేకపల్లి తాలూకాలను నిజాం 1860లో ఇంగ్లీషువారికిచ్చాడు. వారు మధ్యపరగణాలలో కలుపుకున్నారు. 1874లో వాటిని అక్కడినుంచి తీసి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు బదిలీ చేశారు. పటం మీద ఇది రంగుమార్పు. కోయవాడికి ఏమైంది? అంతకుముందు పోడు కొట్టుకోవడానికి గొడ్డలికి నాలుగణాలు పన్ను. ఒక గొడ్డలితో మనిషి ఎంత నరుక్కోగలిగితే అంత చేను. మద్రాసువారు వచ్చాక పన్ను దాదాపు మూడింతలయింది. కొన్ని అడవుల్లోకి పోడు కోసం అడుగుపెట్టకూడదన్నారు. పక్కనున్న రంపలో మన్సబుదారు కల్లు మీద ‘చిగురుపన్ను’ వసూలు చేసేవాడు. దానిమీద అబ్కారీ గుత్తేదార్లు వచ్చిపడ్డారు. కొండకు కల్లు తాగుడు సరుకు మాత్రమే కాదు, ఎండాకాలపు ఆహారం. మైదానపు షావుకార్లు కోర్టు డిక్రీలు పట్టుకుని గొడ్డూగోదా తోలుకుపోయారు.

1879 మార్చిలో చోడవరం వైపు మొదలైన పితూరీ ఏప్రిల్లో గొలుగొండ కొండలకు, జూలైలో రేకపల్లికి పాకింది. ఇక్కడ అంబుల్ రెడ్డి నాయకుడు. పోలీసులు చాలక ఆరు రెజిమెంట్ల మద్రాసు పదాతిదళాన్నీ, గుర్రపుదళాన్నీ, సాపర్ల కంపెనీలు రెండింటినీ, హైదరాబాదు దళాలనూ దించవలసివచ్చింది. అయినా అడవి సద్దుమణగడానికి మరుసటి సంవత్సరం పట్టింది. తర్వాత రెవెన్యూ బోర్డు సభ్యుడు సలివాన్ విచారణ జరిపి, కొండవాళ్ళ ఫిర్యాదులు న్యాయమైనవేనని తేల్చాడు. మన్సబుదారును తొలగించారు. చిగురుపన్ను రద్దయింది. సైన్యం వచ్చేముందు ఎవరికీ కనిపించని కారణాలన్నీ, సైన్యం వెళ్ళాక నివేదికలో వరుసగా కనిపించాయి! ఇది మా విద్యార్థి తెరవని పట్టిక వంటిదే.

‘పితూరీ’ అన్న మాట దగ్గర కాస్త ఆగుతాను. తెలుగు చెప్పుకునేవాడికి ఇది తప్పని బలహీనత. దొరతనం కాగితాల్లో రంప, గూడెం తిరుగుబాట్లన్నీ ఫితూరీలే. తిరుగుబాటు, అలజడి అనే అర్థంలో అరబ్బీ, ఉర్దూల దారిన వచ్చిన మాట. కాని మన ఇళ్ళలో ‘పితూరీలు చెప్పడం’ అంటే ఫిర్యాదు చెయ్యడం. బళ్ళో ఒకడిమీద ఒకడు పంతులుగారికి చెప్పేది పితూరీయే. ఒకే మాటకు ఫిర్యాదనీ తిరుగుబాటనీ రెండర్థాలు ఎలా నిలిచాయి? నిఘంటుకారులు ఏమన్నా, నాకు తోచే సంగతి ఇది: దొర చెవికి రెండూ ఒకటే. ఫిర్యాదు చెప్పడమే ధిక్కారమైనచోట, ఫిర్యాదు చెప్పేవాడు అప్పుడే తిరగబడినవాడి కింద లెక్క. కొండవాడికి మాత్రం రెంటి మధ్యా దూరం వుంది. మొదటి పితూరీకీ రెండవ పితూరీకీ నడుమ అతను కాలినడకన కచ్చేరీకి పోవడం, గుమ్మంలో నిలబడడం, మాట తెలియక తిరిగిరావడం, మళ్ళీ పోవడం వుంటాయి. ఆ కాలమంతా ఆటలో ఒక్క అంకెగా కుదించుకుపోయింది. అసంతృప్తి అయిదు, అసంతృప్తి ఎనిమిది. దేనిమీద, ఎవరిమీద అన్నది లేదు. గొడ్డలికి ఎన్ని అణాలన్నది లేదు.

కొత్తగా జయించిన రాష్ట్రంలో వేర్పాటు భావం ముప్ఫైయేళ్ళలో కరిగిపోతుందని ఆట నియమం. ఏటా అరపాయింటు తగ్గుతుంది. రంప, గూడెం కొండలు ఈ నియమాన్ని పాటించలేదు. 1879, 1886, 1916, ఆ తర్వాత 1922లో అల్లూరి సీతారామరాజు. బేగారు మాదిరి కూలితో రోడ్లు వేయించినంతకాలం, అడవిని మూసివుంచినంతకాలం అక్కడ ఏ అంకె దానంతటది ఎందుకు తగ్గుతుంది? ఆటకు తెలిసినది ఆక్రమణ జరిగిన క్షణం మాత్రమే. ఆక్రమణ ప్రతి సంవత్సరమూ పన్నురూపంలో మళ్ళీ జరుగుతుందన్నది దాని గణితంలో లేదు.

అసంతృప్తిని తగ్గించే ఉపాయాలేమిటని చూశాను. ‘కఠినచర్య’ అనే మీట ఒకటున్నది. కొన్ని సైనిక పాయింట్లు ఖర్చుపెట్టి నొక్కితే తిరుగుబాటు వెనక్కు జరుగుతుంది. ఏం చేశారో, ఎవరిని చేశారో చూపించరు. ఇంకా వెనక, 2004లో వచ్చిన ‘రోమ్: టోటల్ వార్’ ఆటలో పట్టుకున్న నగరాన్ని ఆక్రమించవచ్చు, బానిసలుగా అమ్మవచ్చు, ఊచకోత కోయవచ్చు, కోస్తే శాంతి బాగా నిలుస్తుంది. అల్లరిపెట్టే నగరంలోంచి కావాలని సైన్యాన్ని తీసేసి, తిరగబడనిచ్చి, మళ్ళీ పట్టుకుని ఊచకోత కోయడం ఆటగాళ్ళు కనిపెట్టిన చిట్కా. ఆడేవారు క్రూరులని నేననను. లెక్క అలా రాసిపెట్టిన చోట లెక్క తెలిసిన ప్రతివాడూ ఆ పనే చేస్తాడు. మన కుర్రాళ్ళు ఇంటర్నెట్ సెంటర్లలో మొదట నేర్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ ఇంకా అమాయకమైనది. అందులో పనివాడి ఖరీదు యాభై ఆహారపు పాయింట్లు, కట్టెలు కొడుతూ చచ్చేదాకా వాడు ఎదురు మాట్లాడడు.

తిరగబడేవాడి పక్షాన ఆడే ఆటలే లేవా? ఉన్నాయి. అమెరికాలో 2019లో వచ్చిన ‘గాంధీ’ అనే బల్లమీది ఆటలో ప్రభుత్వం, కాంగ్రెస్, ముస్లింలీగ్, విప్లవకారులు నాలుగు పక్షాలు; నలుగురు మనుషులు కూచుని ఆడవచ్చు. అక్కడ తిరుగుబాటు పాచికలోంచి ఊడిపడదు, ఎదుటి కుర్చీలో కూచున్న మనిషి ఆలోచించి చేస్తాడు. రూపంలోని ఈ ఒక్క మార్పు వస్తువును ఎంత మార్చిందో చూడండి. ‘వున్నట్టుండి’ అనడానికి ఆ బల్లదగ్గర ఎవరికీ నోరు రాదు.

ఆ విద్యార్థికి ఈ సంగతులన్నీ ఒకేసారి చెప్పలేదు. రేకపల్లి గురించి మాత్రం చెప్పాను. తన పటంలో వెదికాడు, దొరకలేదు. ఆ ప్రాంతమంతా ఎవరిదో రాష్ట్రం కింద ఒకే రంగులో వుంది. నిజమైన పటంలోనూ ఆ వూరు కుదురుగా లేదు. 1959లో ఆ తాలూకా తూర్పుగోదావరినుంచి ఖమ్మానికి వచ్చింది. 2014లో పోలవరం ముంపు పేరిట రేకపల్లి మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. “మా తాత ఎక్కడికీ కదల్లేదు సార్, జిల్లాలే మారినయి” అన్నాడు.

ఇప్పుడతనూ మరి ఇద్దరూ కలిసి ఒక చార్టు కాగితం మీద 1879 ఆట గీస్తున్నారు. కోయగూడేలు, ముఠాదార్లు, షావుకార్లు, కలెక్టరు, నాలుగు పక్షాలు. పోడు పన్ను ఎంతో, కల్లు పన్ను ఎంతో, ఫిర్యాదుకు ఎన్ని రోజుల నడకో నన్నడిగి రాసుకుంటున్నారు. కథ ఎప్పుడు మొదలవ్వాలన్న దగ్గర తగవు వచ్చింది. 1879 మార్చి అని మిగతా ఇద్దరూ. 1874 అని ఇతను. అయిదేళ్ళపాటు యుద్ధమే లేకుండా ఆడితే ఎవరికి తోస్తుందని వాళ్ళు. తగవు ఇంకా తేలలేదు.