తుమ్మ చీలల బిగువు

నాదెండ్ల లాంటి పల్నాటి ఊళ్లో వడ్రంగి రెండు పలకలు అతికించాలంటే ఇనప క్లాంపు కొనే తీరాలని ఏమీ లేదు. పొడవాటి బద్దకు రెండు చివర్లా అడ్డదిమ్మలు బిగించి, మధ్యలో పలకలు పెట్టి, మిగిలిన సందులోకి ఏటవాలుగా కోసిన రెండు తుమ్మ చీలలను ఎదురెదురుగా కొడితే చాలు. ఎనిమిదికి ఒకటి వాలున్న చీల 8 మి.మీ. లోపలికి పోతే సందు 1 మి.మీ. మూసుకుంటుంది. వాలు అంత తక్కువ కాబట్టే కొయ్యకు కొయ్య రాపిడి దాన్ని వెనక్కి జారనివ్వదు. కాల్చిన ఇనప పట్టా తొడిగి, నీళ్లు పోసి, అది కుంచించుకునే బలంతో బండి చక్రాన్ని బిగించిన పనితనానికి ఇదొక లెక్కా?

చీల గట్టిగా కొడితే పలకలు మధ్యలో పైకి లేస్తాయన్న అభ్యంతరం నిజమే. ఒక బద్ద కింద, మరొకటి పైన వేస్తే ఆ వంపు సర్దుకుంటుంది. జిగురు అంటకుండా పాలిథిన్ ముక్క అడ్డం పెట్టాలి. బలం చాలదంటారా? తెల్ల జిగురుకు కావలసింది అతుకు పొడవునా సమానమైన ఒత్తిడి, ఆరేదాకా కదలకపోవడం. మరీ నొక్కితే అతుకులో జిగురే మిగలదు. చిత్రిక సరిగా పట్టని అంచును ఎంత ఖరీదైన క్లాంపూ కలపలేదు. కొలత మారితే? బద్దకు వరుసగా బెజ్జాలు వేసి, దిమ్మను కొయ్య మేకుతో నిలిపితే జరుపుకోవచ్చు. రోజంతా తలుపులు బిగించే కార్ఖానాకు ఇనపదే మేలు, అక్కడ సమయమే డబ్బు. అడపాదడపా బల్లో పీటో చేసేవాడికి మాత్రం చీలే చాలు; అది విరిగితే పొయ్యిలోకి పోతుంది, ఇంకోటి కోసుకుంటాడు.