కుందేటి వేటకు లైసెన్సు చాలునా?

సిద్దిపేట ప్రాంతపు పొదలలో నివసించు కుందేటిని శాస్త్రజ్ఞులు లీపస్ నైగ్రికోలిస్ అందురు. దీనిని కుక్కలచే తరిమించుట కొందరికి వినోదము. నిషేధించుటకంటె లైసెన్సు ఇచ్చి పర్యవేక్షించుట మేలను వాదమును పరీక్షింతము.

ఐర్లండులో 1976 నాటి చట్టము క్రింద లైసెన్సు పొంది కుందేళ్లను పట్టి, పందెము ముగిసిన పిదప వదలు పద్ధతి ఏర్పడినది. 1993 నుండి కుక్కల మూతులకు చిక్కములు కట్టుచున్నారు. దీనిచే కోరల గాయములు తగ్గును గాని, ప్రాణభయముతో చేయు పరుగు తగ్గదు. ఆ శ్రమచే కండరములు చెడి, వదలిన తరువాత కుందేలు చావవచ్చును. ఆ చావు పందెపు లెక్కలోనికి రాదు.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదట వేటకు లైసెన్సులనుమతించి, చంపిన జంతువుల పట్టికను వేటగాండ్రే వ్రాయవలెననెను. ఇదియే లోపము: చచ్చినవాటి లెక్క, అదియు చంపినవాని చేతివ్రాత! బ్రతికియున్నవెన్నో తెలియక, ఎన్నింటిని చంపవచ్చునో నిర్ణయించుటెట్లు? 1991 సవరణ ఆ పద్ధతిని తొలగించినది. చంపకపోయినను, కుక్కలచే తరుముటయు చట్టము దృష్టిలో వేటయే.

అయినను నిషేధము ఫలించెనా యని తెలియుటకు ప్రాణముతోనున్నవాటి లెక్క కావలెను. బడి సమీపమున కొలిచిన గళ్లలో కుందేటి పెంటికలను లెక్కించి, ఊడ్చివేసి, నెల గడచిన పిదప మరల లెక్కించినచో హెచ్చుతగ్గులు తెలియును. ఈ పని విద్యార్థులే చేయగలరు.