యాసిడ్ సీసా పక్కన పెట్టండి

కారు స్టెయిన్‌లెస్ స్టీల్ సైలెన్సర్ పైపు మీద ఆయిల్ కాలి నల్లగా అంటుకుపోయింది, ఎలా పోతుందని హయత్‌నగర్ దారిలోని ఆటోనగర్ షెడ్లలో అడిగి చూడండి. ఎక్కువగా వినబడేది ఒకటే మాట: "యాసిడ్ కొట్టు సార్, తెల్లగైతది." బాత్రూములు కడిగే యాసిడ్ అన్నమాట. తెల్లగా అవుతుంది, అబద్ధం లేదు. కొన్నాళ్లకు అదే చోట సూదిమొనంత గుంటలు పడతాయి, వాటిలోంచి తుప్పు దిగుతుంది. ఆ సీసాలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. క్లోరైడు తగిలిందంటే స్టెయిన్‌లెస్‌కు చేటే.

ఈ లోహానికి తుప్పు పట్టకపోవడం పుట్టు లక్షణమేమీ కాదు. ఇనుములో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తే, అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన కంటికి కనబడని పొర కడుతుంది. కాపాడేదంతా ఆ పొరే. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ తుపాకీ గొట్టాల కోసం వెతుకుతూ ఇలాంటి ఉక్కు తయారుచేశాడు. కార్ల ఎగ్జాస్ట్‌లో ఎక్కువగా వాడేది 409 రకం. అందులో క్రోమియం పదకొండు శాతం దగ్గర ఉంటుంది, పైగా దీనికి అయస్కాంతం అతుక్కుంటుంది. "మాగ్నెట్ పట్టింది, ఇది స్టెయిన్‌లెస్ కాదన్నా" అని తేల్చేసేవాళ్లతో నేను వాదన మానేశాను.

రుద్దడానికి ముందు అది మరకేనా అని చూసుకోవాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక గోరుతో గీకండి. గరుగ్గా తగిలి, పొట్టులా లేస్తే కాలిన ఆయిల్. గోటికి ఏమీ తగలకుండా నున్నగా ఉండి, గడ్డి పసుపు, ఊదా, నీలం రంగులు ఒకదాని పక్కన ఒకటి తేలి కనబడితే అది మరక కాదు. వేడికి పైపొర మందమెక్కి, వెలుతురు దాని మీద ఆడే ఆట. ఎంత వేడెక్కితే అంత ముదురు రంగు. పాలిష్ పట్టి తీసేసినా, నాలుగు రోజులు హైవే మీద తిప్పితే మళ్లీ వస్తుంది. దాన్ని వదిలేయమనే నా సలహా. నాకైతే ఆ నీలం బాగుంటుంది కూడా.

ఆయిల్ మసి సంగతి వేరు. చుక్క పడిన రోజే, పైపు చల్లగా ఉన్నప్పుడు, వేస్ట్ గుడ్డకు కాస్త థిన్నర్ తడిపి తుడిస్తే పోతుంది. అలా వదిలేస్తే బండి వేడెక్కిన ప్రతిసారీ ఇంకాస్త కాలి, వార్నిష్‌లా గట్టిపడుతుంది. అప్పుడిక థిన్నర్‌కు లొంగదు. తినే సోడాను ముద్దగా కలిపి పట్టించి, నానాక ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో లోహం గీతల వెంటే రుద్దాలి, అడ్డంగా కాదు. దానికీ కదలకపోతే ఓవెన్ క్లీనర్. అందులో కాస్టిక్ సోడా ఉంటుంది కాబట్టి చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పవు. పక్కనున్న అల్యూమినియం భాగాల మీద పడనివ్వొద్దు, తినేస్తుంది. అంట్లు తోమే ఇనుప పీచు జోలికి అసలు వెళ్లొద్దు. దాని రజను గీతల్లో ఇరుక్కుని తుప్పు పడుతుంది, చెడ్డపేరు స్టెయిన్‌లెస్‌కు వస్తుంది. చివర్లో మంచినీళ్లతో కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. మన బోరునీళ్లు అలాగే ఆరితే తెల్లచారలు మిగులుతాయి.

కొత్త పైపు బిగించినప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. బిగించిన వాళ్ల జిడ్డు వేళ్లముద్రలు మొదటి వేడికే కాలి అచ్చుపడతాయి. స్టార్ట్ చేసేముందు ఒక్కసారి తుడవమని అడగండి. నిమిషం పని, అయినా అడగందే ఎవరూ చేయరు.

ఇంతకీ ఆ ఆయిల్ అక్కడికి ఎలా వచ్చింది? ఫిల్టర్ మార్చినప్పుడు ఒలికిందైతే ఒకసారి తుడిస్తే సరి. తుడిచిన చోటే మళ్లీ నల్లబడుతుంటే మాత్రం ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పోయి ఉంటుంది. పైనుంచి కారిన ఆయిల్ నేరుగా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడుతుంది. ఏసీ వేసుకున్నప్పుడు లోపలికి కాలిన వాసన వస్తుంటే అనుమానించాల్సింది ముందు దాన్నే. మెరుపు సంగతి తర్వాత, ముందు ప్యాకింగ్ మార్పించండి. ఎర్రగా కాగిన మానిఫోల్డ్ మీద ఆయిల్ కారుతూ ఉంటే బండి అంటుకునే ప్రమాదం ఉంది.