తాళంచెవి ఎవరి చేతిలో

పోయిన ఆదివారం ఒక అడవికి వెళ్లాం. ఏ అడవో చెప్పను, చెబితే సోమవారానికి ఫోన్లొస్తాయి. తెల్లవారకముందే జీపెక్కించారు. కాసేపటికి ఎక్కడో పులి కనిపించిందని డ్రైవర్ల ఫోన్లు మోగాయి. అంతే, ఒక వెదురుపొద చుట్టూ పదకొండు జీపులు. పులి కనిపించలేదు కాబట్టి జీపులు లెక్కపెట్టే తీరిక దొరికింది. వచ్చే దారిలో చెట్టు తొర్రలో గుడ్లగూబ ఎండ కాచుకుంటోంది. "కాస్త ఆపు బాబూ" అన్నాను. "పులి పోతాది సార్" అన్నాడు. ఆపలేదు.

ఆ కోపంలోనే ఆ రాత్రి అటవీశాఖకి ఉత్తరం రాశాను. మన అడవుల్లోనూ ఎవరి బండి వాళ్లు నడుపుకునే వీలు ఉండాలని, తాళంచెవి చూసేవాడి చేతిలోనే ఉండాలని. నా పాఠకులకు ఇది పాత పాటే. కారు హారన్లు, హోటళ్లలో టీవీలు అయ్యాక నా మూడో యుద్ధం ఇది. ఈ పాట నాకు పట్టించింది కలహారి ఎడారి.

దక్షిణాఫ్రికా, బోట్స్వానా అక్కడ పక్కపక్కనున్న తమ పార్కులను కలిపేసి 2000లో ఒకటిగా తెరిచాయి. పేరు క్గలగాడి. మొదటి అక్షరం గొంతు గీరుకున్నట్టు పలకాలి. మా ఆవిడకి రెండో రోజుకే పట్టుబడింది, నాకు దగ్గొచ్చింది. దాదాపు 38 వేల చదరపు కిలోమీటర్లు. పాత అనంతపురం, పాత కర్నూలు జిల్లాలు కలిపినా దానికి కాస్త తక్కువే. కొంతదూరం రెండు దేశాల సరిహద్దు నోసోబ్ అనే ఏరు. అందులో నీళ్లుండవు, మధ్యలో కంచె లేదు, అక్కడక్కడా తెల్ల రాళ్లు మాత్రం ఉంటాయి. పెన్న ఇసుకలో ఆడుకుంటూ పెరిగినవాణ్ణి, ఏరన్నాక నీళ్లుండాలన్న పట్టింపు నాకూ లేదు. రెండో ఏరు ఆవొబ్. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ల మీదికి సైన్యాన్ని నడిపించాలని దాని వెంబడి వరసగా బోర్లు వేశారట. పద్నాలుగో బోరు అన్న పేరుతో ఒక నీటిగుంట ఇప్పటికీ ఉంది. బోర్ల లెక్కన ఊళ్లకి దారి చెప్పుకునే మా సీమవాళ్లకి ఈ పద్ధతి అర్థమవుతుంది.

అపింగ్టన్ అనే ఊళ్లో బండి తీసుకున్నాం. ఫోర్ బై ఫోర్, నెత్తిన గుడారం, వెనక చిన్న ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి, రెండు స్టెప్నీలు. అక్కడా మనలాగే ఎడమ పక్కనే నడపాలి కాబట్టి ఆ దిగుల్లేదు. పార్కు గేటు దగ్గర టైర్లలో గాలి బాగా తగ్గించుకోవాలి, లేకపోతే ఇసుక మింగేస్తుంది. గట్టిగా ఉన్నచోట దారి రేకుల షెడ్డు పైకప్పులా ఉంటుంది, పళ్లు టకటకలాడతాయి. గంటకి యాభై కిలోమీటర్లు దాటకూడదు. చెప్పినచోట తప్ప బండి దిగకూడదు. పొద్దుగూకేసరికి క్యాంపులో ఉండాలి. వంటకి మొక్కజొన్న పిండి కొన్నాం. అక్కడివాళ్లు దాన్ని పాప్ అంటారు, మన సంగటికి అన్నో తమ్ముడో. ఆవకాయతో తిన్నాం.

బోట్స్వానా వైపు రూయ్‌పుట్స్ క్యాంపుకి కంచె లేదు. నీడకి ఒక పందిరి, అంతే. తాగే నీళ్లూ కట్టెలూ మనమే మోసుకెళ్లాలి. రాత్రి నిప్పు ఆరాక సింహం అరిచింది. దూరం నుంచి అది పుస్తకాల్లో చెప్పే గర్జనలా ఉండదు. బరువైన బీరువాని గచ్చు మీద ఈడుస్తూ ఆగి ఆగి ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది. పొద్దున నిచ్చెన దిగి చూస్తే, ముందురాత్రి పళ్లు తోముకోవడానికి వెళ్లిన నా హవాయి చెప్పుల అచ్చుల మీద, అరచెయ్యంత అడుగులు వరసగా ఉన్నాయి. టీ కాచుకుంటున్నంతసేపూ నేను బండికి వీపు ఆనించే నిలబడ్డాను.

అయితే సింహాల కోసం నేను ఈ పాట పట్టుకోలేదు. ఒక నీటితొట్టి దగ్గర ఇంజను ఆపి రెండు గంటలు కూర్చున్నాం. వేడెక్కిన ఇంజను చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది. ఇసుక రంగు పావురాల్లాంటి పిట్టలు గుంపులుగా దిగాయి. ఒక మగపిట్ట నీళ్లలోకి నడిచి, పొట్ట ఆనించి, ఊయలలా అటూ ఇటూ ఊగింది. తడిసిన పొట్ట ఈకల్లోనే ఎక్కడో దూరాన ఉన్న పిల్లలకి నీళ్లు మోసుకెళ్తుందది. పక్కనే ముంగాళ్ల మీద గడ్డం పెట్టుకుని ఒక నక్క పడుకుని ఉంది. ఎగిరింది, తప్పింది, మళ్లీ పడుకుంది. ఐదోసారి దొరికింది. ఆ రెండు గంటల్లో 'పోదాం సార్' అన్నవాడు లేడు.

నాలుగోరోజు ఆవొబ్ ఒడ్డున కోరీ బస్టర్డ్ కనిపించింది. చూడగానే మా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అది మా బట్టమేక.

పోలికేమీ అతిశయోక్తి కాదు, ఇద్దరిదీ ఒకే కుటుంబం. ముక్కు కాస్త పైకెత్తి, ఎవరికీ బాకీ లేనట్టు వేసే ఆ నడక మరో పిట్టకి లేదు. నేను బట్టమేకను చూసింది 1989లో, కర్నూలు నుంచి నందికొట్కూరు బస్సెక్కి, రోళ్లపాడు వెళ్లి. అంతకుముందు ఏడే దాన్ని అభయారణ్యం చేశారు, ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు గడ్డినేల. ఒక వాచర్ నన్ను పొద్దు పొడవకముందే తీసుకెళ్లి తుప్ప వెనక కూర్చోబెట్టాడు. కాళ్లు తిమ్మిరెక్కి కదలబోతే భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. "కూచో నాయనా. నువ్వు కదిల్తే అది పోతాది." మూడు గంటలు కూర్చోబెట్టాడు. ఎదురుగా ఒక మగపక్షి మెడ తిత్తిని మోకాళ్ల దాకా వేలాడేసి, తోకని వీపు మీదికి విరిచి, బావిలోంచి వచ్చినట్టు ఊఁ అంటూ అరిచింది. ఆ శబ్దం చెవికన్నా ముందు పొట్టకి తెలిసింది.

తర్వాత సంగతులు సీమవాళ్లకి తెలిసినవే. కాపలా పెరిగాక జింకలు బాగా పెరిగాయి, పక్క పొలాల మీద పడ్డాయి, రైతులకి అభయారణ్యం పేరెత్తితే మంట. సాగునీరొచ్చి మెట్ట పైర్లు మారాయి. రోళ్లపాడులో బట్టమేక ఇప్పుడు బోర్డు మీద బొమ్మ. దేశం మొత్తంలో అడవిలో మిగిలినవి నూటయాభైకి లోపే, చాలావరకు రాజస్థాన్‌లో. చూపు పక్కలకే తప్ప ఎదురుగా సరిగా ఆనదు, బరువైన ఒళ్లు, కరెంటు తీగలు చూసుకునేసరికి ఆలస్యమవుతుంది.

అలాంటిది, ఆవొబ్ ఒడ్డున నలభై అడుగుల దూరంలో కోరీ మగపక్షి ఆట మొదలుపెట్టింది. మెడ గాలితో దిండులా ఉబ్బింది, రెక్కలు నేలకి జారాయి, తోక కింద తెల్ల ఈకలు విచ్చుకున్నాయి. ఆ ఊఁ మళ్లీ పొట్టకి తగిలింది. ముప్పై ఏళ్ల పైన అయింది. చుట్టూ ఇంకో బండి లేదు. ఫొటోకి అడ్డంగా ఒక ముళ్లకొమ్మ మాత్రం ఉంది. రెండడుగులు ముందుకి జరిగితే చాలు.

"వద్దండీ" అంది మా ఆవిడ.

తాళంచెవి తిప్పాను.

మెడ ఒక్కసారిగా సన్నబడింది. తోక దిగింది. పిట్ట నావైపు చూడనైనా చూడలేదు, ఎర్ర ఇసుకదిబ్బ ఎక్కి అవతలికి నడిచి వెళ్లిపోయింది. ఎగరలేదు కూడా, అంత మర్యాద నాకెందుకనుకుందేమో. మా ఆవిడ ఫ్లాస్కు తీసి టీ పోసింది, ఒక కప్పు మాత్రమే. ఆ రోజంతా నా భుజం మీద రోళ్లపాడు వాచర్ చెయ్యి వెతుక్కున్నాను. ముందు సీట్లో నేనూ, నా తాళంచెవీ ఉన్నాం.

అటవీశాఖ ఉత్తరం నాలుగు పేజీలు వచ్చింది. సోమవారం పొద్దున మా ఆవిడకి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. జీపుల లెక్క, గుడ్లగూబ, గంటకి యాభై కిలోమీటర్ల నియమం, నీటితొట్టి దగ్గర రెండు గంటలు, అన్నీ ఉన్నాయి.

"ఆ పిట్ట సంగతి రాశారా?" అంది.

అందులో రాయలేదు. ఇక్కడ రాశాను. ఉత్తరం ఇంకా డైనింగ్ టేబుల్ మీదే ఉంది, దాని మీద ఆవకాయ సీసా పెట్టారెవరో.