గజ ఈతగాళ్ల విద్య

వైరా రిజర్వాయర్‌లో ఎవరైనా గల్లంతయ్యారంటే పోలీసులతో పాటు ముందుగా కబురందేది చేపల వేటకు వెళ్లే జాలర్లకు. మర్నాడు పత్రికలో వార్త వచ్చినా అందులో వాళ్ల పేర్లుండవు. ‘గజ ఈతగాళ్లు గాలించారు’ అని ఒక్క ముక్క ఉంటుంది. ఏ రిజిస్టర్‌లోనూ లేని దళం అది. జీతం లేదు, యూనిఫాం లేదు. తండ్రి దగ్గర కొడుకు, అన్న దగ్గర తమ్ముడు నేర్చుకున్న పని. దాన్ని విద్యగా లెక్కవేయడం మనకింకా అలవాటు కాలేదు.

నిజాం ఏలుబడిలో, 1930 ప్రాంతంలో, వైరా ఏటికి అడ్డంగా కట్టిన జలాశయం ఇది. నిండితే 18 అడుగుల పైచిలుకు నీరు నిలుస్తుంది, దాదాపు 17 వేల ఎకరాలు పారుతుంది. అలుగు దాటిన నీరు మున్నేటిలో కలిసి కృష్ణకు పోతుంది. ఇటు ఈశాన్యంగా అడవి దాటితే భద్రాచలం, గోదావరి. పాత ఖమ్మం జిల్లాలో నిలకడ నీళ్లున్నాయి, ఉన్నపళంగా పొంగే వాగులున్నాయి, గోదావరి వరదా ఉంది. ఒకచోట పనికొచ్చిన ఈత ఇంకోచోట ప్రాణం తీస్తుంది.

నిలకడ నీళ్లలో సగం పని ఒడ్డునే జరుగుతుంది. చూసినవాళ్లు ఇద్దరుంటే ఇద్దర్నీ వాళ్లు అప్పుడు నిలబడ్డ చోటనే నిలబెట్టి చెయ్యి చూపించమనాలి. ఆ రెండు చూపులూ కలిసిన చోట వెతుకులాట మొదలవుతుంది, ఎందుకంటే పారని నీటిలో మనిషి మునిగిన చోటికి దగ్గర్లోనే అడుగున ఉంటాడు. దగ్గర్లో తూము ఉంటే లస్కర్‌కు చెప్పి షట్టర్ దింపించాలి. తూము లాగే నీటికి ఎదురీదగల మొనగాడు లేడు. తర్వాత తెప్ప మీద నుంచి గాలాల తాడు అడుగుకు వదిలి, పొలం దున్నినట్టు సాలు పక్కన సాలుగా లాగుతారు. గాలం దేనికైనా తగిలితే ఒకడు మునుగుతాడు. బురద నీటిలో కళ్లు పనిచేయవు, అరచేతులే చూడాలి. అడుగున పూడిక ఉంటుంది కాబట్టి కాళ్లు ఆనించకూడదు. మునిగేముందు గబగబా ఊపిరి తీసి వదలడం ప్రమాదం. ఊపిరి తీసుకోవాలన్న కోరికే పుట్టకుండా నీటి అడుగున స్పృహ తప్పుతుంది. అందుకే వంతులు వేసుకుంటారు: ఒకడు మునుగుతాడు, ఒకడు తెప్ప పట్టుకుని అలుపు తీర్చుకుంటాడు.

బతికున్న మనిషిని తేవడం వేరే సంగతి. వీలున్నంతవరకు నీటిలోకి దిగకుండా తేవాలి. తాడు, చీర, ట్యూబు, మూతపెట్టిన ఖాళీ క్యాను, ఏది దొరికితే అది విసరాలి. తప్పనిసరై దిగితే ఎదురుగా పోకూడదు. మునుగుతున్నవాడి పట్టు ఉడుంపట్టు, అందిన మెడను వదలడు. వెనక నుంచి వెళ్లి చంకల కింద చేతులు వేసి, మొహం పైకి ఉంచి లాక్కురావాలి. పొరపాటున పట్టుకున్నాడా, ఈతగాడు తానే కిందికి మునగాలి. అవతలివాడికి కావాల్సింది గాలి, కాబట్టి పట్టు తనంతట తానే వదులుతుంది. ఎన్నో ఏళ్ల అలవాటుంటే తప్ప ఆ క్షణంలో ఆ పని చేయడం సాధ్యం కాదు.

వాగు వరదలో అడ్డంగా ఈదబోతే అలసిపోవడమే. వడికి ఏటవాలుగా పోతూ దిగువ ఒడ్డు చేరాలి. కొట్టుకుపోతుంటే కాళ్లు ముందుంచాలి, రాయి తగిలితే కాలికి తగలాలి కాని తలకు కాదు. తాడును నడుముకు బిగుముడి వేయకూడదు. తాడు బిగిసిందంటే నీరే మనిషిని అడుగుకు తొక్కుతుంది. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు 36 అడుగులు దాటినప్పుడు ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేదు. వాళ్లను ఒడ్డుకు చేర్చింది ప్రాణానికి తెగించి జేసీబీతో వరదలోకి వెళ్లిన ఒక డ్రైవర్.

గోదావరి సంగతి భద్రాచలం మెట్లకు తెలుసు. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు వచ్చింది, 2022 జులైలో 71.3కి. 1986లో ఎన్డీఆర్‌ఎఫ్ అనే జాతీయ విపత్తు స్పందన దళమే లేదు, అది 2006లో పుట్టింది. భద్రాచలం నుంచి దిగువకు పోతే పాపికొండల్లో కచ్చులూరు ఉంది. 2019 సెప్టెంబరు 15న అక్కడ రాయల్ వశిష్ట బోటు మునిగింది. బోటులో 77 మంది ఉంటే 26 మంది బతికారు. ఆ బతికినవాళ్లను నీళ్లలోంచి ఎక్కించుకున్నవి ఆ గట్ల మీది ఊళ్లవాళ్ల పడవలే. పెద్ద బలగాలన్నీ తర్వాత వచ్చాయి. బోటును పైకి తీయడానికి కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో వచ్చి అక్టోబరు 22 దాకా కుస్తీపట్టింది.

ఒడ్డున ఉండే ఈతగాళ్ల విలువంతా ఇక్కడే ఉంది. ఊపిరాడని మెదడు నాలుగైదు నిమిషాలకే దెబ్బతినడం మొదలవుతుంది. ఎన్డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ ఉన్నది విజయవాడ దగ్గర. వాళ్లెంత వేగంగా వచ్చినా గంటలు పడుతుంది. బయటి దళం ఊరికి చేసే మేలు చాలా ఉంది, కానీ నీళ్లలో ఊపిరి అందక కొట్టుకుంటున్న పిల్లవాడికి ఆ మేలు అందదు. దేశంలో 2022లో ప్రమాదవశాత్తూ నీట మునిగి చనిపోయినవాళ్లు 38 వేలకు పైగా ఉన్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. వాళ్లలో ఎవరినైనా కాపాడగలిగి ఉంటే, అది ఆ నిమిషంలో ఆ ఒడ్డున ఉన్నవాడే.

ఈ విద్యలో ఒక లోటుంది, దాన్ని దాచడం వాళ్లకు మేలు చేయదు. బయటికి తెచ్చిన మనిషిని బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కడం, తలకిందులుగా ఎత్తడం, కుమ్మరి సారె మీద తిప్పడం మన ఊళ్లలో పాత అలవాటు. నీళ్లు కక్కించాలన్న ఆత్రం అది. పొట్ట నొక్కితే కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఊదాల్సిన నిమిషాలు పోతాయి. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి, ముక్కు మూసి నోట్లోకి ఊపిరి ఊదాలి. ఆ తర్వాత ఛాతీని ముప్పైసార్లు గట్టిగా నొక్కి, మళ్లీ రెండుసార్లు ఊదాలి. మనిషి లేచేదాకా, లేదా 108 వచ్చేదాకా ఆపకూడదు. మునిగినవారిని బతికించడానికి 1767లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పౌరులు పెట్టిన సంఘం కూడా నోటితో ఊదమని చెబుతూనే పొగాకు పొగ పట్టించమనీ చెప్పింది. తప్పని తేలాక లోకం పొగను వదిలేసింది, ఊదడం మాత్రం నేటికీ ఉంది. మనమూ తెప్పనూ గాలాన్నీ నిలుపుకుని సారెను వదిలేయాలి.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ‘ఆపద మిత్ర’ అనే వాలంటీర్ల శిక్షణ పథకం మొదలుపెట్టింది. తర్వాత దాన్ని 350 జిల్లాల్లో లక్ష మందికి శిక్షణ ఇచ్చేలా పెంచింది. ఆ శిక్షణకు మనుషుల జాబితా రాసే అధికారి ఖమ్మంలో, కొత్తగూడెంలో ముందు జాలర్ల వాడకు వెళ్లాలి. ఎవరికి ఏ మడుగు తెలుసో, ఏ వాగులో ఏ వంపు దగ్గర శవాలు ఆగుతాయో అక్కడే తెలుస్తుంది. వాళ్లకు నేర్పాల్సింది ఒక్క రోజు పని: ఛాతీ నొక్కడం, నోట్లో ఊదడం. ఇవ్వాల్సినవి లైఫ్ జాకెట్లు, మంచి తాడు, ప్రమాద బీమా, ఆ రోజు వేట పోయినందుకు కూలి. రిజర్వాయర్ కట్ట మీద ఈ శిక్షణ జూన్‌లో వాన పడకముందే పెట్టాలి.