పరుల భక్తి, తన భుక్తి

మన దేశభాషలలో దొంగస్వామి కథలకు కొరత లేదు. వానిలో ఎక్కువ భాగము ఒకే త్రోవ తొక్కును. స్వామి వచ్చును, జనులు మోసపోవుదురు, కడపట ఎవడో తెలివిగలవాడు గుట్టు బయటపెట్టును, పాఠకుడు నవ్వుకొని పుస్తకము మూయును. బెంగాలీలో పరశురాముడు వ్రాసిన ‘బిరించిబాబా’ ఈ తరహాలో చక్కని కథ. కాని ఆ నవ్వులో ఒక చిక్కుప్రశ్న మరుగున పడుచున్నది. తాను నమ్మనిదానిని నమ్మువారి వలన పొట్టపోసికొనుట ఏ మేరకు తప్పు? గుట్టు బయటపడినప్పుడే తప్పా? బయటపడనిచో? ఈ ప్రశ్నను దాటవేయక ఎదుర్కొన్న రెండు నవలలను ఇచట ప్రక్కప్రక్కన పెట్టి చూచెదను: సయ్యద్ వలీవుల్లా బెంగాలీలో వ్రాసిన ‘లాల్ సాలు’ (1948), ఆర్.కె. నారాయణ్ ఇంగ్లీషులో వ్రాసిన ‘ది గైడ్’ (1958).

మజీద్ తిండికి కరవైన సీమనుండి బయలుదేరినవాడు. మహబ్బత్‌నగర్ అను పల్లెలో పాడుబడిన గోరీ నొకదానిని చూపి, ఇది పీరుగారి సమాధి, దీనిని ఇన్నాళ్లు నిర్లక్ష్యము చేసితిరని ఊరివారిని గద్దించును. గోరీమీద ఎర్రని గుడ్డ కప్పబడును. కానుకలు, ఇల్లు, పొలము, భార్య అన్నియు ఆ గుడ్డ క్రిందనుండియే వచ్చును. ఆ గోరీ ఎవరిదో అతనికి తెలియదు. వలీవుల్లా గొప్పతనమేమనగా, మజీద్‌ను నాస్తికునిగా చిత్రింపలేదు. అతనికి దైవభయము కలదు. తానాడునది ప్రమాదకరమైన ఆట యనియు తెలియును. ఆకలి అంతకంటె పెద్దది. ఇంతవరకు అతనిపై మనకు జాలియే.

ఆ జాలి ఎచట తరుగును? అక్కాస్ అను యువకుడు ఊరిలో బడి పెట్టుదమన్నపుడు, నీ గడ్డమేదని నలుగురిలో అడిగి వాని నోరు మూయించును. ఖాలెక్ బేపారీ భార్య ఆమెనా సంతానము కోరి వేరొక పీరును ఆశ్రయింపబోయినందులకు ఆమెకు విడాకులిప్పించును. పడుచుదైన రెండవ భార్య జమీలా తనకు వెరవనందున ఆమెను గాలివాన రాత్రి సమాధిచెంత కట్టివేయును. అనగా లాభము చేత పడుటతో పని తీరలేదు. అది నిలువవలెనన్న భయమును దినదినము మేపుచుండవలెను. దోషము అతని అవిశ్వాసమున లేదు, ఈ మేపుటలో ఉన్నది.

‘గైడ్’లోని రాజు సంగతి వేరు. జైలునుండి విడుదలై ఏటిగట్టున పాడుగుడి మెట్లపై కూర్చుండగా, వేలన్ అను పల్లెవాడు అతనిని మహాత్ముడని భ్రమపడును. రాజు ఊరకుండును. అతని మోసము దిద్దని పొరపాటు. తిండి దొరకుచున్నది గనుక దిద్దడు. అనావృష్టి వచ్చినపుడు అతడు చెప్పి పంపిన మాట ఒక మందమతి నోట తారుమారై, వానకొరకు స్వామి ఉపవసించునని ఊరంతయు అనుకొనును. అప్పుడు రాజు తన కథ యావత్తు వేలన్‌కు విప్పి చెప్పును. సాధారణ కథ ఇచటనే ముగిసియుండెడిది. వేలన్ అంతయు విని, అప్పటికిని స్వామీ యనియే పిలుచును! నిజము చెప్పియైనను తప్పించుకొనుటకు వీలులేని స్థితి అది. తిన్న అన్నమునకు వెల చెల్లింపక తప్పదు. కొండలలో వాన పడుచున్నదని చెప్పి రాజు క్రుంగిపోవును. వాన వచ్చినదో లేదో నారాయణ్ చెప్పడు. 1965లో వచ్చిన హిందీ చిత్రము వాన కురిపించినది. నవలలోని బరువును ఆ వాన కడిగివేసినదని నా అభిప్రాయము.

హిందీనుండి అనువదించువారికి తరచు తగులు మాట ‘పాఖండ్’. దానిని ‘పాషండము’ అని తెలుగులోనికి దింపరాదు. మన పాషండుడు వేదబాహ్యుడు. హిందీ పాఖండీ కపటి. మూలమొక్కటే. మన ఎర్రగుడి బండలపైన కూడ చెక్కబడిన అశోకుని ధర్మలిపులలో ఆ మాటకు నిందార్థమే లేదు; అది ఏ మతశాఖకైనను పేరు, అన్నింటిని ఆదరింపుడనియే రాజు కోరిక. పిమ్మట పరమతస్థుడు వేదబాహ్యుడైనాడు, వేదబాహ్యుడు మోసగాడైనాడు. నమ్మనివాడు, మోసగాడు ఒకటే అను తలంపునకు భాషయే సాక్ష్యము పలుకుచున్నది.

లక్నో చరిత్ర ఆ సాక్ష్యమును కొట్టివేయును. మున్షీ నవల్ కిశోర్ 1858లో అచట స్థాపించిన ముద్రణాలయము హిందూ మతగ్రంథములతోపాటు ఖురానును, ఇతర ఇస్లాం గ్రంథములను అచ్చువేసి అమ్మినది. ఆయన హిందువు. తనది కాని మతమువారి గ్రంథములపై వ్యాపారము చేసినాడు. ఇందులో మోసపోయినదెవరు? కొన్నవానికి కావలసినది తప్పులులేని గ్రంథము. యజమాని విశ్వాసము కాదు. ఆయన తాను ముస్లిమునని చెప్పికొని అమ్మలేదు. మజీద్ అమ్మినదో, తనవద్ద లేని జ్ఞానమును. ఆ గోరీ ఎవరిదో తెలియదని ఒప్పుకొన్న మరుక్షణము అతని అంగడి మూతపడును.

రాజు అంగడి మాత్రము నిజము చెప్పిన తరువాతనే క్రిక్కిరిసినది. కావున కొన్నవానికి సంగతి తెలిసియుండుట ఒక్కటే కొలబద్ద యనుట కుదరదు. వేలన్ తెలిసియు కొన్నాడు. అతనిని మూఢుడని కొట్టివేయుటకు నారాయణ్ మనకు తావీయడు. కడపటి పుటలో, నిలువలేని రాజును చెరియొక ప్రక్క పట్టుకొని నీటిలోనికి నడిపించిన ఇద్దరిలో ఒకడు ఆ వేలనే.